ఎవరింటికి బాబూ?

మొన్న ఆదివారం విజయవాడ వన్‌టౌన్‌లో, కొండవాలు ఇళ్లకు వెళ్లే మెట్లదారిలో నిలబడి కిందికి చూస్తున్నప్పుడు, శ్రీలంకలోని జాఫ్నా పట్నంలో మన సైన్యం చేసిన, నేను ఏళ్లుగా చదువుతున్న పోరు మొదటిసారి నా కళ్లకు కట్టింది. ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులో వందమంది సైనికులున్నా ముందున్న ఒక్కడే పోరాడగలడు. పై డాబా మీద ఉన్నవాడికి మాత్రం అందరూ కనిపిస్తారు.

1987 అక్టోబరు 11 రాత్రి శ్రీలంకకు వెళ్లిన భారత శాంతి పరిరక్షక దళం, ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న తమిళ పులుల నాయకులను పట్టుకోవడానికి జాఫ్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో హెలికాప్టర్ల నుంచి కమాండోలను, సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లను దించింది. మన వైర్‌లెస్ సంభాషణలను విన్న పులులు ముందే కాచుకుని ఉన్నారు. హెలికాప్టర్లు దెబ్బతిని తరువాతి విడతలు ఆగిపోగా, దిగిన 30 మంది సిక్కు జవాన్లలో 29 మంది మరణించారు, ఒకరు బందీగా చిక్కారు. కమాండోలను కాపాడడానికి వెళ్లిన ట్యాంకులు, మందుపాతరలున్న రోడ్లను వదిలి రైలు పట్టాల వెంట సాగాయి. ఆ ఉపాయం ఆలోచించినవారి మీద నాకు గొప్ప గౌరవం ఉంది. అయితే అలాంటి పరిశీలన జవాన్లను దించకముందే జరిగి ఉండవలసింది.

మెట్ల మీద నేను నిలబడిన రెండు నిమిషాలకే ఒక పెద్దావిడ గుమ్మంలోంచి "ఎవరింటికి బాబూ?" అని అడిగింది. పరాయివాడిని అంత త్వరగా పసిగట్టే కళ్లు ఏ వీధిలోనైనా ఉంటాయి. అవి తనకు చూసింది చెబుతాయా, ఎదుటిపక్షానికి చెబుతాయా అన్నదే కమాండర్ ముందున్న అసలు ప్రశ్న. అదే అక్టోబరు 21న జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, వైద్యులు, నర్సులు కాల్పుల్లో మరణించారు. ఎదురుకాల్పుల్లో పోయారని మన సైన్యం చెప్పింది. సైనికులే వార్డుల్లోకి వచ్చి కాల్చారని ప్రత్యక్ష సాక్షులు చెప్పారు. ఆ తరువాత ఆ ఊరివారు మన జవానుకు దారి చూపుతారని ఎలా ఆశించగలం?

1989లో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్ మన రాష్ట్రంలో నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక దళం గ్రేహౌండ్స్‌ను రూపొందించినప్పుడు ఇక్కడి పోలీసులనే ఎంచుకున్నారు. అది అడవి పోరే అయినా, ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కుల సంఘాలు లేవనెత్తిన ప్రశ్నలను నేను తేలికగా తీసుకోకపోయినా, తెలుగు తెలిసిన దళం కావడం దానికి పెద్ద బలమైంది. జాఫ్నాలో దిగిన మన జవాన్లలో చాలామందికి తమిళం రాదు. తలుపు తట్టి లోపల ఎవరున్నారని అడగడానికీ, లోపలివారి భయాన్ని వినడానికీ సరిపడినంత భాషనైనా, గురితో కాల్చడం నేర్పినంత శ్రద్ధగా, పట్నంలోకి పంపే ప్రతి దళానికీ ముందుగా నేర్పించాలి.