కీలుడికి ఒక ప్రదక్షిణ

దసరాల్లో మూలా నక్షత్రం వెళ్లిన మర్నాడు మా బెజవాడ వన్‌టౌన్‌లో ఎవరు ఎదురుపడినా ఒకటే ప్రశ్న: "దర్శనం ఎంతసేపట్లో అయింది?" కొండ మీద దుర్గమ్మవారు ఎలా ఉన్నారని అడిగేవాళ్లు తగ్గిపోయారు. సరస్వతీ అలంకారంలో చేతి వీణ కనబడిందా అని ఎవరూ అడగరు. రెండు గంటలా, ఆరు గంటలా, టికెట్టా, సిఫారసు ఉత్తరమా, అంతరాలయం దాకా పంపారా లేదా, ఇదే లెక్క. "మాకు పావుగంటలో అయిపోయిందండీ" అని చెప్పేవాళ్ల మొహంలో వెలుగు ఉంటుంది. అది అమ్మను చూసిన వెలుగో, క్యూను గెలిచిన వెలుగో ఆ తల్లికే తెలియాలి.

అందుకని దసరా పది రోజులూ నేను కొండెక్కడం మానేశాను. కొండ చుట్టూ నడుస్తాను. దీనికి మా వదినకి చాలా కోపం. "కొండ కిందే ఇల్లు పెట్టుకుని మూలా నక్షత్రం నాడు అమ్మవారి మొహం చూడకపోతే ఎట్టా అమ్మాయ్?" అంటుంది. ఆవిడకి ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు గానీ, చెప్పాల్సిన మాట మాత్రం చాలానే ఉంది.

కీలుడి కథ మీకు తెలిసిందే. తపస్సు చేశాడు, అమ్మ ప్రత్యక్షమైంది. వరం కోరుకోమంటే రాజ్యం అడగలేదు, చావు లేకుండా చెయ్యమనలేదు. నా గుండెలో నువ్వు కొలువుండాలి, అంతే అన్నాడు. అసురసంహారం అయ్యాక వస్తాను, పర్వతమై ఉండమంది ఆవిడ. ఉన్నాడు. ఎప్పుడొస్తావని అడగలేదు. యుద్ధం ఎంతదాకా వచ్చిందో కనుక్కోలేదు. మహిషుణ్ణి చంపి అమ్మ తనే వచ్చింది, ఆవిడ కోసం ఇంద్రుడూ దేవతలూ వచ్చారు, కీలాద్రి కాస్తా ఇంద్రకీలాద్రి అయింది. పేరులో ముందు ఇంద్రుడొచ్చి కూర్చున్నా కీలుడు ఏమీ అనుకోలేదు.

నాకు ఈ కథలో మహిషాసురుడి కంటే ఆ ఎదురుచూపే పెద్దది. మనమంతా అమ్మ దగ్గరికి వెళ్లే భక్తులం. అమ్మే తన దగ్గరికి వచ్చిన భక్తుడు కీలుడు. అడుగు కదపకుండా సాధించాడు. మనం ఘాట్ రోడ్డెక్కి, మెట్లెక్కి, మహామండపం లిఫ్టెక్కి వెళ్లేది ఆయన భుజాల మీదుగానే. తల మీదుగా నడిచి వెళ్లి గర్భగుడిలో దణ్ణం పెట్టుకుని దిగి వచ్చేస్తాం, ఆయనకి ఒక్క నమస్కారం ఉండదు. గిరిప్రదక్షిణ అంటే అమ్మవారి చుట్టూ తిరగడమేనని చాలామంది అనుకుంటారు. అదీ నిజమే. కానీ ఆ ఎనిమిది కిలోమీటర్లూ మన కుడిచేతి పక్కన ఉండేది భక్తుడి ఒళ్లు. భాగవతుడికి ప్రదక్షిణ చేస్తే భగవంతుడు ఎలాగూ లోపలే ఉన్నాడు కదా!

సౌందర్యలహరి 27వ శ్లోకం ఈ నడకకే పుట్టిందనిపిస్తుంది నాకు.

జపో జల్పః శిల్పం సకలమపి ముద్రావిరచనా
గతిః ప్రాదక్షిణ్యక్రమణమశనాద్యాహుతివిధిః ।
ప్రణామః సంవేశస్సుఖమఖిలమాత్మార్పణదృశా
సపర్యాపర్యాయస్తవ భవతు యన్మే విలసితమ్ ॥

నేను వాగే వాగుడు నీ జపం, నా చేతుల కదలిక నీకు ముద్ర, నా నడక నీకు ప్రదక్షిణ, నా తిండి నీకు ఆహుతి, నేను ఒరిగి పడుకుంటే అది సాష్టాంగం. దీన్ని పట్టుకుని, "ఇంకేం, పొద్దున్నే పార్కులో చెవిలో పాటలు పెట్టుకుని నేను వేసే రౌండ్లూ ప్రదక్షిణేగా" అనేవాళ్లను చూశాను. శంకరులు అక్కడ అమ్మను వేడుకుంటున్నారు, మనకు మినహాయింపు పత్రం రాసివ్వడం లేదు. ముందు ఆత్మను అర్పించుకోవాలి, అప్పుడు మిగతావన్నీ పూజ అవుతాయి. ఆ మొదటి పని వదిలేసి ఫలశ్రుతి మాత్రం పుచ్చుకుంటామంటే కుదరదు. శివమానసపూజలోనూ ఇదే భావం, 'సంచారః పదయోః ప్రదక్షిణవిధిః' అని. కొండ మీద మల్లేశ్వరుడూ ఉన్నాడు, దుర్గమ్మా ఉంది. కాబట్టి నేను కుమ్మరిపాలెం దాకా అమ్మ శ్లోకం, అక్కణ్ణుంచి అయ్య శ్లోకం అనుకుంటూ పోతాను.

దారి కొత్తదేమీ కాదు. పౌర్ణమి పౌర్ణమికీ దేవస్థానం వాళ్లు ప్రచారరథంతో నడిపించేదే. ఘాట్ రోడ్డు మొదట్లో కామధేను అమ్మవారి దగ్గర దణ్ణం పెట్టుకుని బయల్దేరితే కుమ్మరిపాలెం, నాలుగు స్తంభాల సెంటరు, సితార, కబేళా, పాలప్రాజెక్టు, చిట్టినగర్, కొత్తపేట, నెహ్రూ బొమ్మ, బ్రాహ్మణ వీధి మీదుగా మళ్లీ కొండ మొదటికి. కృష్ణ వైపు ముందు భాగమంతా దసరాల్లో షెడ్లు, బారికేడ్లు, మైకులు. వినాయకుడి గుడి దగ్గర మొదలైన క్యూ ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం. కుమ్మరిపాలెం తిరిగి కొండ వెనక్కి వచ్చారా, మైకు మెత్తబడుతుంది. అక్కడ పండగ లేదని కాదు, ఇళ్లల్లో ఉంటుంది. కొండవాలు మీద మెట్లు మెట్లుగా కట్టుకున్న ఇళ్లు, నీళ్ల బిందెలతో మెట్లెక్కే ఆడవాళ్లు. అమ్మ గుండెలో ఉంటే ఒంటి మీద ఈ జనాన్నీ మోస్తున్నాడు కీలుడు.

కబేళా సెంటర్ దగ్గరికి వచ్చేసరికి కొందరు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు. ఇంత పవిత్రమైన దారిలో ఆ పేరేమిటని నొచ్చుకుంటారు కూడా. నాకు మాత్రం అక్కడే ఒళ్లు జలదరిస్తుంది. ఒక సెంటరుకి కబేళా పేరు, దాని తర్వాతి సెంటరుకి పాలప్రాజెక్టు పేరు. తెల్లవారుజామున అక్కణ్ణుంచి పాల వ్యాన్లు ఊరంతటికీ బయల్దేరుతుంటాయి. మహిషాసురమర్దిని కొండ చుట్టూ తిరుగుతుంటే మహిషం రెండు రకాలుగానూ ఎదురవుతుంది! చంపాల్సిన మహిషమూ ఉంది, పిల్లలకు పాలిచ్చేదీ ఉంది. మనలోని మదమూ అంతే. దాని తల నరకమని అమ్మను అడుగుతాం గానీ, ఆ బలాన్నే నలుగురికి పాలుగా మార్చమని ఎప్పుడైనా అడిగామా? ఎవరో పెద్దలు దారి గీసి పెట్టినట్టుంది గానీ, ఎవరూ గీయలేదు, ఊరు పెరిగితే అలా అమరింది. అమ్మవారి లీలకు ప్రణాళికలు అక్కర్లేదు.

2020 దసరాల్లో, సరిగ్గా మూలా నక్షత్రం నాడే, కొండచరియలు విరిగి పడ్డాయి. ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తేవడానికి కాస్త ముందు. కొండకి కోపం వచ్చిందన్నారు, అపచారమన్నారు, ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. యుగాల పాటు కదలకుండా కూర్చున్నవాడికి మన మీద కోపమా? నేను నమ్మను. వానకు నానిన రాయి జారింది. కానీ ఆయనకీ ఒక ఒళ్లుందని, అది అరుగుతుందని, పగులుతుందని ఆ రోజు ఊరందరికీ గుర్తొచ్చింది. మళ్లీ మర్చిపోయాం.

గుంపు మీద విసుగు నాకే అనుకోకండి. పదో శతాబ్దంలో యుద్ధమల్లుడు బెజవాడలో కుమారస్వామికి గుడీ మఠమూ కట్టించి, మధ్యాక్కర పద్యాల్లో శాసనం వేయించాడు. ఆ మఠంలో గొరగలు తప్ప ఇంకెవరైనా వచ్చి గుంపుగా విడిది చేస్తే, కాశీని పాడుచేసిన పాపాన పోతారని అందులో హెచ్చరిక. శైవసన్యాసులకు నాలుగడుగుల చోటు మిగల్చడానికి ఆ రాజు కాశీ మీద ఒట్టు పెట్టాల్సి వచ్చిందంటే బెజవాడ జాతర అప్పుడెలా ఉండేదో ఊహించుకోండి.

క్యూలో నిలబడేవాళ్లను తక్కువ చేసి మాట్లాడానని మాత్రం అనుకోవద్దు. శ్రీకాకుళం నుంచి రాత్రంతా జనరల్ బోగీలో కూర్చుని వచ్చినావిడ, ఎర్రబట్ట కట్టి కాలినడకన వచ్చే భవానీ, చంకలో పిల్లాడితో ఖమ్మం వైపు నుంచి వచ్చిన కోడలు, ఆ పది రోజులూ వాళ్లవి. మళ్లీ ఎప్పటికి వస్తారో వాళ్లకే తెలియదు. మనకేం, ఏడాది పొడుగునా అమ్మ మన గుమ్మంలోంచి కనబడుతూనే ఉంటుంది. పెళ్లింట్లో ఇంటివాళ్లు ఆఖరి బంతిలో కదా కూర్చోవాలి? బెజవాడ వాళ్లం మనమే మొదటి బంతికి ఎగబడి, అదీ పాసులు పట్టుకుని వెనక గుమ్మంలోంచి దూరి, ఊరి పరువు తీస్తున్నాం. ఊళ్లోవాడు క్యూలో వదిలిన ఒక్క చోటు, పొరుగూరావిడకి ఎండలో తగ్గిన ఒక్క నిమిషం. అది కుంకుమార్చనకి ఏమాత్రం తీసిపోదని నా నమ్మకం.

కాబట్టి రండి. తెల్లవారుజామున నాలుగింటికల్లా బయల్దేరండి, ట్రాఫిక్ మళ్లింపులు మొదలయ్యేలోపు కొండ వెనక్కి చేరిపోవచ్చు. చెప్పులు ఇంట్లోనే వదిలేయండి, దారిలో వదిలి వాటి మీద మనసు పెట్టుకోవద్దు. కాళ్లు సహకరించకపోతే మానెయ్యండి, షుగరున్నవాళ్లు చెప్పులు వేసుకునే నడవండి, అమ్మ ఏమీ అనదు. ఫోను జేబులోంచి తీయకండి. కీలుడితో సెల్ఫీ దిగాలంటే ఎంత వెనక్కి వెళ్లినా ఆయన ఫ్రేములో పట్టడు. స్పీకర్లో పాటలు పెట్టకండి, నైటు డ్యూటీ చేసొచ్చి అప్పుడే నడుం వాల్చినవాళ్లు ఆ ఇళ్లలో ఉంటారు. కొబ్బరిచిప్పలూ కర్పూరం కవర్లూ రోడ్డు మీద పడేయకండి, పొద్దున్నే వాటిని ఊడ్చే అమ్మాయిలకి ఆ పది రోజులూ సెలవుండదు. మాటలు తగ్గించండి. పక్కవాళ్లు మాట్లాడితే విసుక్కోకండి, ఆ వాగుడు కూడా జపమే అయ్యే చోటు అది. ఎన్ని నిమిషాల్లో పూర్తయిందో మాత్రం దయచేసి ఎవరికీ చెప్పొద్దు, అడగొద్దు.

అలంకారంలో అమ్మను చూడలేదన్న వెలితి ఉంటుంది, ఉండనివ్వండి. కీలుడికీ యుగాల తరబడి అదే ఉంది. విజయదశమి వెళ్లిన అయిదు రోజులకే ఆశ్వయుజ పౌర్ణమి. అప్పటికి షెడ్లు విప్పుతుంటారు, పైన జనం పల్చబడతారు. దర్శనం ఆ రోజు చేసుకోండి. వదినా, నువ్వూ రా, మోకాళ్ల నొప్పంటే చిట్టినగర్ దాకా ఆటోలో దించుతాను, అక్కణ్ణుంచి ఇద్దరం నడుద్దాం.