ఐదు బంతులు

పిన్‌బాల్ మెషీన్ బ్యాక్‌బాక్స్ (స్కోరు చూపించే నిలువు పెట్టె) తలుపు తీసి టార్చి వేయగానే విషయం తెలిసిపోయింది. పెద్ద బోర్డుకి ఎడమ మూల కింద ఆకుపచ్చటి చిలుము, దాని అంచున తెల్లటి పొడి. బ్యాటరీ కారింది. ఎల్ఈడీ మాత్రం ఆరకుండా వెలుగుతోంది. తెలియనివాళ్లు చూస్తే ఇంకా ప్రాణం ఉందనుకుంటారు. ఈ బోర్డుల్లో ఎల్ఈడీ అలా వెలిగి ఉండిపోయిందంటే ప్రాసెసర్ అసలు లేవలేదని అర్థం.

షికాగో శివార్లలో ఒక ఇంటి బేస్‌మెంట్ అది. పాత పిన్‌బాల్ మెషీన్లు బాగుచేసే షాపులో నా ఉద్యోగం. ఏటవాలు బల్ల, పైన గాజు పలక, లోపల 80 గ్రాముల ఉక్కు బంతి. బంతి కింద పడిపోకుండా రెండు వైపులా ఫ్లిప్పర్లతో కొడుతూ ఉండాలి. ఆట అంతే. కానీ ఆ గాజు కింద వందల అడుగుల వైర్లు, కాయిళ్లు, స్విచ్‌లు ఉంటాయి. వీటి పుట్టిల్లు షికాగోయే. బాలీ, విలియమ్స్, గాట్లీబ్ అన్నీ ఇక్కడి కంపెనీలే. ఇక్కడే తయారైనా, జూదం కింద లెక్కకట్టి చాలా ఏళ్లపాటు ఈ ఊళ్లో ఆడనివ్వలేదు. న్యూయార్క్‌లోనూ 1942 నుంచి 1976 దాకా నిషేధమే.

ఇరవై ఏళ్లు టీవీలు రిపేరు చేసి వచ్చినవాణ్ణి నేను. అక్క స్పాన్సర్ చేసిన ఫైలు కదిలేసరికి పదేళ్లు దాటింది, నలభై ఐదో ఏట ఇక్కడ దిగాను. మొదటి ఏడాదంతా గోడౌన్‌లో పెట్టెలు మోశాను. మనవాళ్లు కలిసినప్పుడు ముందుగా అడిగేది "ఏ కంపెనీ, ఏ క్లయింటు?" అని. జవాబు చెప్పలేక ప్లేటు పట్టుకుని పక్కకి వెళ్లిపోయేవాణ్ణి. ఈ షాపులో చేరిన రోజు సాల్డరింగ్ ఐరన్ చేతికి వచ్చింది. వేడెక్కిన రెసిన్ వాసన తగలగానే కళ్లు చెమర్చాయి. ఆ వాసన ఎక్కడైనా ఒక్కటే.

మా ఓనరుకి డెబ్భై దాటాయి. మొదట్లో "సర్" అంటే ఇబ్బందిపడ్డాడు, పేరు పెట్టి పిలవమన్నాడు. అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ ఏ పిలుపూ లేకుండానే మాట్లాడుతున్నాను.

ఈ మెషీన్ 1977 నాటి బాలీ ఎయిట్ బాల్. ఇది 20,230 తయారయ్యాయి, అందుకే ఇంకా చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ప్రతి ఆటగాడూ ఏయే బంతుల నంబర్లు సంపాదించాడో తన తరవాతి వంతు దాకా గుర్తుపెట్టుకుంటుంది. రిలేల (కరెంటుతో కదిలే స్విచ్‌ల) కాలం పోయి మైక్రోప్రాసెసర్ కొత్తగా వచ్చిన రోజులవి. మోటరోలా 6800 ప్రాసెసర్, దాన్ని మిగతా మెషీన్‌తో కలిపే రెండు పీఐఏ చిప్పులు, 5101 అనే చిన్న మెమరీ చిప్పు. కరెంటు తీసేసినా ఆ చిప్పులో లెక్కలు నిలవాలి కాబట్టి 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీని బోర్డు మీదే సాల్డర్ చేశారు. బార్‌లో నాలుగైదేళ్లు తిరిగితే చాలనుకుని చేసిన మెషీన్లివి. ఇన్ని దశాబ్దాలు బతుకుతాయని ఎవరూ అనుకోలేదు, తప్పు పట్టాల్సింది ఎవర్నీ కాదు. వయసైపోయిన బ్యాటరీ కారింది.

కారేది యాసిడ్ అని చాలామంది అంటారు. నిజానికి అది క్షారం. అందుకే తెల్ల వెనిగర్‌తో కడిగితే విరుగుతుంది. అది బోర్డు పైపూత కింద నుంచి పాక్కుంటూ పోయి రాగి ట్రాకులని తినేస్తుంది. వైర్ల లోపలికి కూడా ఎక్కుతుంది. పైన ఇన్సులేషన్ బాగానే కనబడుతుంది, ఒలిచి చూస్తే లోపల రాగి నల్లగా మాడినట్టు ఉంటుంది. దానికి సాల్డర్ అంటుకోదు.

మెషీన్ ఆ ఇంటావిడ వాళ్ల నాన్నది. ఒక బార్ మూతపడుతుంటే ఆయన కొనుక్కుని తెచ్చుకున్నాడట. ఆయన పోయి మూడేళ్లయింది. ఆవిడ మెట్ల మీద కూర్చుని నన్నే చూస్తూ అడిగింది.

"ఇందులో నాన్న హై స్కోరు ఉండేది. అది తిరిగి వస్తుందా?"

రాదని చెప్పడానికి కొంచెం సేపు పట్టింది. ఆ అంకెని కాపాడటానికి పెట్టిన బ్యాటరీయే బోర్డుని తినేసిందని వివరించాను. ఆవిడ తలూపి మళ్లీ ఏమీ అడగలేదు. ఆ మౌనం నాతోపాటే షాపుకి వచ్చింది.

బోర్డు విప్పి తెచ్చాక మార్చడానికి మనసొప్పలేదు. నేను నేర్చుకున్న పనిలో బోర్డు మార్చడం చేతకానివాడు చేసే పని. ట్రాకు తెగితే వైరు ముక్కతో అతుకు వేస్తాం, డ్రై సాల్డర్ ఉంటే మళ్లీ సాల్డర్ చేస్తాం, అంతే. ఓనరు రెండు సాయంత్రాలు ఇచ్చాడు. గ్లవ్స్ వేసుకుని (కాడ్మియం విషం, ఒట్టి చేత్తో ముట్టకూడదు) బ్యాటరీ కత్తిరించాను. వెనిగర్‌తో, తరవాత నీళ్లతో, తరవాత ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాను. ప్రాసెసర్‌ని నిద్రలేపే రీసెట్ సర్క్యూట్ బ్యాటరీ పక్కనే ఉంటుంది కాబట్టి ముందు పోయేది అదే. దాని ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు మార్చి ట్రాకులకి వైర్లు వేశాను.

ఈ బోర్డు తన ఒంటిని తనే పరీక్షించుకుంటుంది. స్విచ్ వేయగానే ఎల్ఈడీ ఒకసారి రెపరెపలాడి, తరవాత లెక్కగా మెరుస్తుంది. మొదటి మెరుపు ప్రోగ్రాం చిప్పులు బాగున్నాయని. రెండోది, మూడోది మెమరీలు. నాలుగు, ఐదు పీఐఏలు. ఆరోది డిస్‌ప్లే టైమర్. ఏడో మెరుపు షాపు బల్ల మీద రాదు, దానికి కాయిళ్లకి వెళ్లే 43 వోల్టులు కావాలి, అంటే బోర్డు మెషీన్‌లో ఉండాలి. రెండో సాయంత్రం మూడు మెరుపులు వచ్చాయి. మర్నాడు పొద్దున ఒక్కటీ రాలేదు. నేను అతికిన చోటు కాక, ఇంకో అంగుళం అవతల, చిప్పు సాకెట్ కింద ట్రాకు పోయింది.

ఓనరు బోర్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు.

"నీ అతుకులు నాకంటే బాగున్నాయి. కానీ ఇది లోపల ఇంకా తింటూనే ఉంది. ఇవాళ నడిపిస్తావు, ఆర్నెల్లకి ఆవిడ మళ్లీ ఫోన్ చేస్తుంది. ఆవిడకి కావాల్సింది ఆట."

అక్కడ కష్టమనిపించింది గానీ ఆయన మాటే సరి. విడిభాగం ఖరీదు, మనిషి చేతికి తక్కువ కూలి అయిన చోట నేర్చుకున్నది ఒక నీతి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. కానీ లెక్క సంగతి అలా ఉంచి, చచ్చిపోతున్న బోర్డుని నా పంతం కోసం ఆవిడ ఇంట్లో పెట్టడం న్యాయం కాదు. దాని మీది పీఐఏలు, ప్రాసెసర్ మంచివే. జాగ్రత్తగా ఊడదీసి డబ్బాలో పెట్టాను, ఇంకో బోర్డుకి పనికొస్తాయి.

ఊడదీస్తుంటే కంటబడ్డాయి డిప్ స్విచ్‌లు, గోరంత మీటలు. మొత్తం 32, ఎనిమిదేసి చొప్పున నాలుగు దిమ్మలు. ఆట ఎలా నడవాలో మెషీన్ సొంతదారు నిర్ణయించుకునేది వీటితోనే. రూపాయికో డాలరుకో ఎన్ని ఆటలు, ఏ స్కోరుకి ఉచితంగా ఇంకో ఆట, మూడు బంతులా ఐదు బంతులా, అన్నీ. వీటికి బ్యాటరీ అక్కర్లేదు. గోరుతో ఎటు నొక్కితే అటే ఉండిపోతాయి. మాన్యువల్ తీసి ఒక్కొక్కటే చదివాను. సంపాదన కోసం నడిపే మెషీన్‌ని సాధారణంగా మూడు బంతులకి పెడతారు. ఆవిడ నాన్న ఐదుకి పెట్టాడు. ఇంటికి తెచ్చుకున్నాక మార్చి ఉంటాడు, పిల్లలు ఎక్కువసేపు ఆడుకోవాలని.

32 స్విచ్‌లనీ ఫొటో తీసి, కాగితం మీద కూడా రాసుకున్నాను.

కొత్త బోర్డులో బ్యాటరీ ఉండదు, కరెంటు లేకపోయినా నిలిచే మెమరీ చిప్పు ఉంటుంది. చాలా ఆటలకి ఒకే బోర్డు పనికొస్తుంది కాబట్టి ఏ ఆటో చెప్పడానికి విడిగా ఇంకో స్విచ్‌ల వరస ఉంది. ముందు దాన్ని ఎయిట్ బాల్‌కి పెట్టాను. తరవాత పాత కాగితం చూసుకుంటూ 32నీ సరిచేశాను, రెండుసార్లు పోల్చుకున్నాను.

ఆ ఇంటికి తిరిగివెళ్లాక బోర్డు బిగించడం పది నిమిషాల పని. అసలు పని కనెక్టర్లది. చిలుము పట్టిన పాత కనెక్టర్‌ని కొత్త బోర్డుకి తగిలిస్తే, ఆ జబ్బు కొత్తదానికి ఎక్కించినట్టే. కరెంటు వచ్చే కనెక్టర్‌ని పూర్తిగా కోసేశాను. ఒక్కో వైరూ ఎర్రటి రాగి కనబడేదాకా వెనక్కి కత్తిరించి, పొట్టి అయినవాటికి కొత్త వైరు అతికి, కొత్త టెర్మినల్స్ క్రింప్ చేశాను. క్రింప్ చేశాక ప్రతి వైరునీ గట్టిగా లాగి చూస్తాను. ఊడితే ఇప్పుడే ఊడాలి. ఆ తరవాత బోర్డు తగిలించకుండానే మెషీన్ ఆన్ చేసి, మీటర్ పెట్టి చూశాను. 5 వోల్టులు ఉన్నాయి. దాదాపు 12 ఉన్నాయి. 43 ఉన్నాయి. డిస్‌ప్లేలకి వెళ్లే లైన్లో 190 దాకా ఉంటుంది, అక్కడ ఒక చెయ్యి జేబులో పెట్టుకునే పనిచేస్తాను. ఇది గురువుగారు నేర్పిన అలవాటు, టీవీ పిక్చర్ ట్యూబుల దగ్గర.

ప్లగ్గు పీకి, కాసేపు ఆగి, కనెక్టర్లన్నీ తగిలించి మళ్లీ ఆన్ చేశాను. రెపరెప. ఒకటి, రెండు, మూడు. ఆవిడా, ఆవిడ కొడుకూ నా వెనక నిలబడి ఉన్నారు. నాలుగు, ఐదు, ఆరు. ఆరుకీ ఏడుకీ మధ్య రెప్పపాటే, కానీ అక్కడ నేను ఎప్పుడూ ఊపిరి బిగపడతాను. ఏడు. దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. లోపల కాయిళ్లు టకటకమన్నాయి. హై స్కోరు చోట సున్నాలు.

పిల్లాడికి పన్నెండేళ్లుంటాయి. వాడే ముందు ఆడాడు. మూడో బంతి ఫ్లిప్పర్ల మధ్య నుంచి జారిపోగానే, అయిపోయిందనుకుని తల్లికి చోటిచ్చి పక్కకి జరిగాడు. కింద కాయిల్ టప్పుమని కొట్టింది, బంతి మళ్లీ ప్లంజర్ (బంతిని తోసే స్ప్రింగు కడ్డీ) ముందుకొచ్చి నిలబడింది.

"ఇంకా ఉందా?" అన్నాడు వాడు.

"తాతయ్య మెషీన్‌లో ఎప్పుడూ ఐదు," అంది ఆవిడ. ఒక్క క్షణం ఆగి నా వైపు తిరిగింది. "అది మీకెలా తెలిసింది?"

జేబులోంచి కాగితం తీసి ఆవిడ చేతికిచ్చాను. స్విచ్‌ల నంబర్లు చదువుతూ ఉండిపోయింది. పిల్లాడు ప్లంజర్ లాగి వదిలాడు.