ఒక్క తీగ మీద బతికే ఇంజిన్

ఆదివారం, రాత్రి పదిన్నర.

మూడుసార్లు సబ్బు పెట్టి కడిగినా గోళ్ళ సందుల్లో డీజిల్ మడ్డి పోలేదు. నడుము పట్టేసింది. అయినా ఈ రోజు సంగతి రాసి పడుకుంటే గానీ నిద్ర పట్టేలా లేదు.

పొద్దున ఆరింటికే జీపు బానెట్ ఎత్తాను. వారం నుంచి బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఈఎంపీ వస్తే, అంటే ఆకాశంలో ఎంతో ఎత్తున అణుబాంబు పేలి ఆ విద్యుదయస్కాంత దెబ్బ కిందికి దిగితే, ఈ ముసలి డీజిల్ బండి కదులుతుందా? "పాత డీజిల్ బండికి ఏం కాదు, దాన్లో కంప్యూటర్ లేదుగా" అని అందరూ తేలిగ్గా అనేస్తారు. నేనూ అనేవాణ్ణి. అనడం వేరు, బానెట్ కింద తల పెట్టి ఒక్కో తీగా ఎక్కడికి పోతోందో వెతకడం వేరు.

ఎనిమిదింటికి మావయ్య వచ్చారు. ముప్పై ఏళ్ళు లారీ నడిపిన చేయి ఆయనది. నేను చెప్పేదంతా ఓపిగ్గా విని, "పైనుంచి పడేది పడినప్పుడు చూద్దాం లేరా. ముందు డీజిల్ ఫిల్టర్ విప్పు," అన్నారు. విప్పాను. అడుగున వేలెడు నీళ్ళు. "చూశావా, నీ బాంబు ఇంకా రాలేదు గానీ ఇవి ఎప్పుడో వచ్చేశాయి," అని నవ్వారు. ఫిల్టర్ మార్చి, బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఎయిర్ లాక్ తీసేసరికి గంట పట్టింది. ముందు బుడగలతో నురగలా వచ్చిన డీజిల్, ఆ తర్వాత నూలుపోగులా సన్నగా, ఆగకుండా వచ్చింది.

అసలు విషయానికి వస్తే, డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. డీజిల్‌ను నాజిళ్ళకు కొట్టే పంపు కూడా ఇంజిన్ తిప్పితే తిరిగే వట్టి ఇనుము. ఇంతవరకు అందరూ చెప్పేది నిజమే. కానీ మా జీపుకున్నది రోటరీ పంపు. దాని నెత్తిన బొటనవేలంత సోలెనాయిడ్ ఒకటుంది. తాళం తిప్పగానే దానికి 12 వోల్టులు అందుతాయి, లోపలి ముల్లు పైకి లేస్తుంది, డీజిల్‌కు దారి ఇస్తుంది. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆ తీగ పీకి చూశాను. టక్ మని చిన్న చప్పుడు, రెండు దగ్గులు, నిశ్శబ్దం. మళ్ళీ తగిలించి స్టార్ట్ చేసి ఇంకోసారి పీకాను. మళ్ళీ అదే. ఇంత ఇనుమూ ఆ ఒక్క తీగ దయ మీద బతుకుతోంది.

"మా లారీకి ఈ గోల లేదు. స్టాపర్ కేబుల్ లాగితే ఆగేది, లేకపోతే పోతూనే ఉండేది," అన్నారు మావయ్య, కాస్త గర్వంగానే.

కొందరు ఆ ముల్లునే పీకి పారేస్తారు. అప్పుడు డీజిల్ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కరెంటుతో పని లేదు. నాకు అది నచ్చలేదు. తాళం తీసినా ఆగని ఇంజిన్ ఇంట్లో పెట్టుకోవడం కంటే ఈఎంపీయే నయం. పైగా సోలెనాయిడ్ అంటే ఒట్టి రాగి చుట్ట, అంత సులువుగా చచ్చే సరుకు కాదు. పోతే దానికి కరెంటు మోసుకొచ్చే దారిలో ఏదో పోవాలి. కాబట్టి రెండు చివర్లా క్లిప్పులున్న రెండు మీటర్ల తీగ తయారు చేసి, మధ్యలో ఒక ఫ్యూజు వేసి, సీటు కింద పెట్టాను. బ్యాటరీ నుంచి నేరుగా సోలెనాయిడ్‌కు తగిలిస్తే చాలు.

స్టార్ట్ చేసే ముందు సిలిండర్లను వేడెక్కించే హీటర్ ప్లగ్గుల దగ్గర మాత్రం నా తెలివి తెల్లారింది. వాటిని వేడి చేసే టైమర్ రిలే డబ్బా విప్పితే లోపల చిన్న సర్క్యూట్ బోర్డు కనిపించింది. ఈ బండి మొత్తంలో నాకు నిజంగా అనుమానం కలిగించిన వస్తువు అదే. దాన్ని పక్కకు తప్పించి, చేత్తో నొక్కే బటన్ ఒకటి పెట్టాను. నొక్కి పది లెక్కపెట్టేలోపే ప్లాస్టిక్ కాలిన కంపు. నాలుగు ప్లగ్గులూ కలిపి నలభై ఆంపియర్లకు పైనే లాగుతాయని తెలిసి కూడా లైటుకు వాడే స్విచ్చు పెట్టిన ఘనత నాది. మావయ్య ఏమీ అనలేదు. పాత సామాను డబ్బాలోంచి బండ రిలే ఒకటి తీసి చేతిలో పెట్టారు. ఇప్పుడు చిన్న బటన్ రిలేను లేపుతుంది, బరువంతా రిలే మోస్తుంది.

తీసేసిన టైమర్, డైనమో చార్జింగును అదుపు చేసే కటౌట్ స్పేరు ఒకటి, డయోడ్ ప్లేటు ఒక రేకు డబ్బాలో భద్రం చేద్దామనుకున్నాను. చుట్టూ సందు లేకుండా రేకు మూసుకుంటే రేడియో తరంగాల్లాగే ఆ దెబ్బా లోపలికి రాలేదు. డబ్బా పనిచేస్తుందో లేదో చూడాలి కదా. చిన్న ఎఫ్ఎం రేడియో పెట్టి మూత వేశాను. లోపల పాట హాయిగా సాగుతూనే ఉంది. తప్పు మూతదే, అంచుకు రంగు ఉంది. రంగు అడ్డముంటే రేకుకు రేకు తగలదు, ఆ సందు చాలు. గరుకు కాగితంతో మూత అంచూ డబ్బా అంచూ తళతళలాడేదాకా రుద్దాను. ఈసారి పాట గరగరలోకి మారింది. మూత చుట్టూ అల్యూమినియం టేపు వేశాక పూర్తిగా ఆగింది. లోపల అట్టముక్కలు పరిచి, సామాను రేకుకు తగలకుండా సర్దాను. రేడియో ఆగినంత మాత్రాన ఈఎంపీ పరీక్ష నెగ్గినట్టు కాదు గానీ, రేడియోకే దారి ఇచ్చే డబ్బా కంటే ఇది మెరుగు.

ఇంత హడావిడి అవసరమా అని మధ్యాహ్నం నాకే అనిపించింది. అమెరికాలో ఈఎంపీ మీద వేసిన కమిషన్ 1986 నుంచి 2002 దాకా వచ్చిన 37 కార్లను ఈ దెబ్బకు గురిచేసి చూసింది. ఆపి ఉంచిన కార్లకు ఏమీ కాలేదు. నడుస్తున్న వాటిలో మూడు, దెబ్బ తీవ్రత మీటరుకు సుమారు 30 కిలోవోల్టులు, ఆ పైన ఉన్నప్పుడు ఆగిపోయాయి. తాళం తిప్పితే మళ్ళీ స్టార్టయ్యాయి. అయితే పాడయ్యేదాకా కొట్టలేదు, తేడా కనబడగానే ఆపేశారు. అంటే కంప్యూటర్ ఉన్న ప్రతి కారూ చస్తుందన్నదీ నిజం కాదు, పాత డీజిల్ అయితే చాలన్నదీ నిజం కాదు.

సాయంత్రం ఆఖరి పరీక్ష. పాత బండి కాబట్టి స్టీరింగ్ లాక్ లేదు. తాళం జేబులో వేసుకుని, సోలెనాయిడ్‌కు నా క్లిప్పుల తీగ తగిలించి, వాలులో జీపును వదిలాను. వెనక మావయ్య చెయ్యి వేశారు. సెకండ్ గేరులో ఉంచి క్లచ్ వదలగానే బండి ఒక్కసారి ముక్కింది, నల్లటి పొగ వదిలింది, అందుకుంది. చిన్నపిల్లాడిలా అరిచాను.

ఆ ఊపులో బండి లోపల పెడుతుంటే మావయ్య గోడ వైపు చూపించారు. "మరి దాని సంగతేంట్రా?"

బ్యాటరీ చార్జర్. పచ్చ లైటు వెలుగుతోంది. బ్యాటరీ దిగిపోకూడదని రెండేళ్ళుగా రోజూ రాత్రి నేనే తగిలిస్తున్నాను.

1962 జులై 9న అమెరికా పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున అణుబాంబు పేలిస్తే, 1,400 కిలోమీటర్ల అవతల హవాయిలో 300 దాకా వీధి దీపాలు ఆరిపోయాయి. అదే ఏడాది అక్టోబరులో సోవియట్లు కజకిస్తాన్ మీద పేల్చినప్పుడు దెబ్బ తిన్నది 570 కిలోమీటర్ల టెలిఫోన్ లైను. తీగ ఎంత పొడుగైతే ఆ దెబ్బ దాన్లో అంత ఎక్కువ పోగవుతుంది. జీపులో ఉన్నవి రెండు మూడు మీటర్ల తీగలు. చార్జర్ తగిలిస్తే మాత్రం దాని తీగ గోడలోకి, గోడలోంచి స్తంభానికి, స్తంభం నుంచి ఎంత దూరం పోతుందో అంత దూరం మా జీపు తీగే. పొద్దున్నుంచి బొటనవేలంత సోలెనాయిడ్ చుట్టూ తిరిగానే తప్ప ఇటు చూడలేదు.

ప్లగ్గు పీకేశాను. బ్యాటరీకి మీటర్ పెడితే 12.6 చూపించింది. ఇకనుంచి వారానికోసారి జీపు బయటికి తీసి తిప్పాలి. బంకుల్లో పంపులు కూడా కరెంటుతోనే తిరుగుతాయి కాబట్టి ట్యాంకు ఎప్పుడూ సగానికి దిగనివ్వకూడదని మావయ్య అన్నారు. డీజిల్ మీటరు ముల్లు ఇప్పుడు పావు దగ్గరుంది.