ఆదా అంటే ఫీజు

తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలీలో ‘ఆదా’ అంటే ఫీజు. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ వచ్చి పదకొండేళ్లవుతున్నా, ఆ మాట చెవిన పడితే నాకు ముందు మన ఆదాయే గుర్తొస్తుంది.

మొన్న ఆదివారం మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు ముందేసుకుని కూర్చున్నాం. టాంజానియా, కెన్యాల్లో ప్రాథమిక బడుల్లో చేరిన పిల్లల శాతం, 1970 నుంచి. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ వెళ్లాం. ఏళ్లు గడిచేకొద్దీ గీత పైకే పోతుందనుకున్నాను. తొలి అధ్యక్షుడు న్యెరేరే ప్రభుత్వం 1977లో పిల్లలందరికీ ప్రాథమిక విద్య అని పట్టుబట్టాక టాంజానియా గీత 1980 ప్రాంతంలో 90 దాటింది. ఆ తర్వాత దిగడం మొదలైంది. 1990ల్లో 80 శాతం కంటే కిందికి పోయింది. కెన్యాదీ అంతే, 100 పైన ఉన్నది 2002కల్లా 90 లోపుకొచ్చింది.

“ఎందుకు పడిపోయింది నాన్నా?” అంది అమ్మాయి.

వంటింట్లోంచి మామా జవాబు చెప్పింది: “ఆదా.”

స్వాహిలీలో మామా అంటే అమ్మ. మేమలా పిలిచే ఆవిడ మా ఇంట్లో వంట చేస్తుంది. యాభై దాటాయి. ఆవిడ నాలుగో తరగతిలో ఉండగా, 1980ల మధ్యలో, బడి ఫీజు మళ్లీ వచ్చింది. ఉగాండాతో యుద్ధం, చమురు ధరలు, అప్పులు కలిసి దేశాన్ని కుంగదీసిన రోజులు. ఇంట్లో ఐదుగురు పిల్లలు, ఇద్దరికే కట్టగలిగారు. ఆ ఇద్దరూ మగపిల్లలు. ఇన్నేళ్లుగా ఆవిడ చేతి వంట తింటూ ఈ సంగతి ఒక్కసారి కూడా అడగనందుకు నాకు చాలా బాధేసింది.

2002కల్లా టాంజానియాలో ఫీజు పోయింది. 2000లో 44 లక్షలున్న పిల్లలు ఐదేళ్లలో 75 లక్షలయ్యారు. కెన్యాలో అధ్యక్షుడు కిబాకీ ప్రభుత్వం 2003 జనవరిలో ఫీజు తీసేస్తే, ఒక్క ఏడాదిలోనే 59 లక్షలు 72 లక్షలయ్యాయి.

శాతం 100 ఎలా దాటుతుందని మా అమ్మాయికి పెద్ద అనుమానం. దానికీ జవాబు మామా దగ్గరే ఉంది. అప్పట్లో ఇక్కడ ఏడేళ్లకు ఒకటో తరగతి. మామా కూతురు చేరింది పదేళ్లకు, 2002లో. బడిలో ఉన్నవాళ్లందరినీ వయసు చూడకుండా లెక్కేసి, బడి వయసు పిల్లల సంఖ్యతో భాగిస్తారు కాబట్టి ఆలస్యంగా వచ్చినవాళ్లూ అందులో కలుస్తారు. కెన్యాలో 2004లో 84 ఏళ్ల కిమానీ మరుగే కూడా ఒకటో తరగతిలో చేరి ఆ లెక్కలోకే వచ్చారు.

ఆ కొత్త పిల్లలకు బెంచీలెక్కడివి? మామా కూతురు రెండేళ్లు నేల మీదే కూర్చుందట. గీత మాత్రం నిటారుగా లేచింది. దాని పక్కన ఈ సంగతి కూడా రాయమని మా అమ్మాయికి చెప్పాను.

మామా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, తన ఏడాది ఎక్కడుందని అడిగింది. 1985 దగ్గర చూపించాను. కాసేపు చూసి, వేలు అక్కణ్నుంచి కుడివైపుకి జరుపుకుంటూ 2002 దగ్గర ఆపింది.

“ఇది ఏడో తరగతి దాకా చదివింది,” అంది.