శాలువా ఎవరికి కప్పాలి?

నిన్న మా ఊళ్లో సన్మాన సభ. గుడికి పెద్ద మొత్తం ఇచ్చినాయనకి శాలువా, పూలదండ, జ్ఞాపిక. ఇచ్చారు కాబట్టి గౌరవించాలి, అందులో తప్పేం లేదు. కానీ నా చూపంతా వెనక వరుసలో నిలబడ్డ ఇడ్లీ బండి అత్త మీదే ఉంది.

2022 జూలైలో గోదారి పొంగి లంకలు మునిగినప్పుడు, రెండు బస్తాల బియ్యం వండించి నాలుగు రోజులు పులిహోర పడవల్లో పంపింది. పసుపు పట్టేసిన ఆ వేళ్లు, గోళ్ల పక్కన పగుళ్లు నాకింకా కళ్లముందే ఉన్నాయి. డబ్బులిస్తామంటే "ఆకలికి లెక్కలేంటి అబ్బాయ్" అంది. ఆ బియ్యం అప్పు మీద తెచ్చిందని చాలా రోజుల తర్వాత తెలిసింది.

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళ కాని వేళ వచ్చినవాళ్లకి కూడా అన్నం పెట్టారు. 1909లో కన్నుమూశారు. ఇప్పుడు నది మీదుగా కాలువ నీళ్లు తీసుకెళ్లే గన్నవరం అక్విడెక్టుకీ, ఆంధ్రలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించిన కాటన్ దొర విగ్రహాలకి మన రైతులు నేటికీ దండలేస్తారు. వాళ్ల దగ్గర ఎంత డబ్బుండేదో ఎవరైనా అడిగారా? మరి బతికున్నవాళ్ల విషయంలో ముందు అదే ఎందుకు చూస్తున్నాం?

సభయ్యాక అత్త కాళ్లకి దణ్ణం పెట్టాను. కంగారుపడి వెనక్కి జరిగింది. వచ్చే ఏడు ఆవిడ్ని పిలవమని కమిటీ పెద్దలతో చెప్పాను. చూద్దాం అన్నారు. సంక్రాంతికి మళ్లీ వెళ్లి అడుగుతాను.