రెండు కాసులకు ముందూ వెనకా

కానుకల సంచి తిప్పే ముందు బీద విధవరాలి వాక్యం చదవడం మన సంఘాల్లో చాలాచోట్ల ఆనవాయితీ. మార్కు సువార్త 12వ అధ్యాయం, 41 నుంచి 44 వరకు, నాలుగే వచనాలు: దేవాలయపు కానుకపెట్టెలో ఒక బీద విధవరాలు తనకున్న రెండు కాసులూ వేస్తుంది, అందరికంటే ఎక్కువ వేసింది ఈమే అని యేసు శిష్యులతో అంటాడు. ఆమె ఉన్నదంతా వేసేసింది, మరి మీరో? అని అడిగి సంచి వదులుతారు. ఆ నాలుగు వచనాల్ని అలా కత్తిరించి చదవడంలోనే చిక్కంతా ఉంది.

ముందు డబ్బు సంగతి. లూకా 12:6లో అయిదు పిచ్చుకలు రెండు కాసులకు వస్తాయి. విధవరాలు వేసిందీ రెండు కాసులే. తెలుగు బైబిలు మాత్రమే చదివేవాళ్లకు ఆమె చేతిలో అయిదు పిచ్చుకల సొమ్ము ఉన్నట్టే కనిపిస్తుంది. గ్రీకు మూలంలో ఇవి వేరువేరు నాణేలు. పిచ్చుకల బేరంలోది అస్సారియోన్, ఈమెది లెప్టాన్. ఒక అస్సారియోన్‌కు 8 లెప్టాలు. మత్తయి 10:29 ధర ప్రకారం రెండు పిచ్చుకలకు ఒక అస్సారియోన్, అంటే పిచ్చుకకు 4 లెప్టాలు. ఆమె దగ్గరున్న రెండింటికి సగం పిచ్చుక వస్తుంది. సగం పిచ్చుకను ఎవరూ అమ్మరనుకోండి.

కూలి లెక్కలో చూసినా అంతే. రెండు లెప్టాలు కలిస్తే ఒక రోమా క్వాడ్రాన్స్ అని మార్కే విడమరుస్తాడు. అలాంటివి 64 అయితే ఒక దేనారం. ద్రాక్షతోట ఉపమానంలో రోజంతా పనిచేసినవాడికి ముట్టింది ఒక దేనారమే. పన్నెండు గంటల పనికి లెక్కగడితే ఆమె వేసింది పదకొండు నిమిషాల కూలి. అయితే నాణేలు రెండున్నాయి. ఒకటి వేసి ఒకటి కొంగున ముడేసుకోవచ్చు, అడిగేవాళ్లెవరూ లేరు. ఆమె ముడేసుకోలేదు. "జీవనమంతయు" అన్న మాటకు మూలంలో ఉన్నది బియోస్. బతుకు అనీ, బతుకుతెరువు అనీ రెండర్థాలూ దానికి ఉన్నాయి.

దేవాలయంలో బూర ఆకారపు పెట్టెలు 13 ఉండేవని మిష్నా, అంటే యూదుల పాత ధర్మసంప్రదాయాల గ్రంథం, చెబుతుంది. ఏడింటిమీద పద్దు రాసి ఉండేది: ఈ ఏటి షెకెలు (దేవాలయపు పన్ను), నిరుటి షెకెలు, గువ్వలు, పావురపు పిల్లలు, కట్టెలు, సాంబ్రాణి, బంగారం. మిగతా ఆరూ స్వేచ్ఛార్పణలవి. నోట్లు లేని కాలం కాబట్టి ఎవరు ఎంత వేశారో చప్పుడే చెప్పి ఉంటుంది. యేసు వాటికెదురుగా కూర్చుని, జనం ఎంత వేస్తున్నారని కాకుండా ఎలా వేస్తున్నారని చూశాడని మార్కు రాశాడు.

ఇప్పుడు మూడు వచనాలు వెనక్కి వెళ్లండి. 38 నుంచి 40 వరకు శాస్త్రుల మీద, అంటే యూదుల ధర్మశాస్త్ర బోధకుల మీద, హెచ్చరిక. నిలువుటంగీలు, సంతవీధుల్లో వందనాలు, విందుల్లో అగ్రస్థానాలు, ఆ వెంటనే విధవరాండ్ర ఇళ్లు "దిగమింగుచు" అన్న మాట. ఆ మాట చెవిలో ఉండగానే ఒక విధవరాలు పెట్టె దగ్గరికి వస్తుంది. అధ్యాయం మారగానే శిష్యుడొకడు దేవాలయపు రాళ్లు చూసి మురిసిపోతాడు. రాయిమీద రాయి నిలవదని యేసు జవాబు. క్రీ.శ. 70లో రోమా సైన్యం దాన్ని కూల్చేసింది. ఆమె ఆఖరి కాసులు చేరింది ఆ కట్టడం ఖజానాకే. యేసు ఆమె విశ్వాసాన్ని ఎత్తి చూపించాడు గానీ, మీరూ వెళ్లి అలాగే చేయండి అనలేదు. మంచి సమరయుని కథ చివర ఆ ఆజ్ఞ ఉంది, ఇక్కడ లేదు. మందిరం స్లాబు చందాకు ఈ వాక్యాన్ని వాడటం నా దృష్టిలో శాస్త్రుల పక్కన కుర్చీ వేసుకోవడమే.

అప్పు తెచ్చి కానుక వేసేవాళ్లు, అమ్మానాన్నల మందులు ఆపి మొక్కుబడి చెల్లించేవాళ్లు మార్కు 7:9-13 కూడా చదవాలి. తల్లిదండ్రులకు దక్కాల్సింది కొర్బాను, అంటే దైవార్పితం అని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసు అక్కడ గట్టిగా మందలిస్తాడు. విధవరాలు ఇచ్చింది తన నోటి దగ్గరిది. ఇంకొకరి కంచంలోది తీసి ఇస్తే ఆ లెక్కలోకి రాదు.

14వ అధ్యాయంలో, బేతనియలో, ఇంకో స్త్రీ వస్తుంది. అచ్చ జటామాంసి అత్తరుబుడ్డి, వెల 300 దేనారాల పైమాటే. లెప్టాల్లో 38,400. అక్కడున్నవాళ్లు అమ్మి బీదలకిస్తే పోయేదిగా అని సణిగారు. "ఈమె తన శక్తికొలది చేసి" అంటూ యేసు ఆమె పక్షాన మాట్లాడాడు. పదకొండు నిమిషాల కూలికీ, దాదాపు ఏడాది కూలికీ దొరికింది ఒకే రకం మెప్పు. ఈ ఇద్దరి పేర్లూ మార్కు రాయలేదు, ఇద్దరినీ ఇమ్మని అడిగినవాళ్లూ ఆ కథల్లో ఎవరూ లేరు.