మా ఊరి పేరుతో మొదలైన పైథాన్ పాఠం

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక గదిలో కూర్చుని వెబ్‌సైట్లకు ఎస్‌ఈఓ (గూగుల్ వెతుకులాటలో సైటు పైన కనబడేలా చేసే) పని చేసే నేను, ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలన్న సందేహంతో చాలా రోజులు గడిపి, చివరికి పైథాన్‌ను ఎంచుకున్నాను. 1991లో గీడో వాన్ రాసమ్ విడుదల చేసిన ఈ భాష జోలికి నేను మోజుతో వెళ్లలేదు. జనం ఏ మాటలతో వెతికితే మన సైటు కనబడిందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్ తెర మీది నుంచి ఒక నివేదికలో 1,000 వరుసలే దించుకోగలం. అదే ఏపీఐ ద్వారా, అంటే మనం రాసిన ప్రోగ్రామ్‌తో నేరుగా అడిగితే ఒక్కో అభ్యర్థనకు 25,000 వరుసల దాకా వస్తాయి.

ఆ వరుసలను పట్టికల లెక్కలు చేసే పాండాస్ అనే పైథాన్ లైబ్రరీతో పరిశీలించినప్పుడు మా ఊరి పేరే నన్ను తికమక పెట్టింది. కొందరు ‘నల్గొండ’ అని, కొందరు ‘నల్లగొండ’ అని వెతుకుతారు కనుక, రెండూ ఒకటేనని మనం చెప్పకపోతే ప్రోగ్రామ్ వాటిని వేర్వేరు ఊళ్లుగానే లెక్కిస్తుంది. నేను చెప్పలేదు, వారం రోజుల లెక్క తప్పింది.

శీర్షికల పొడవు కొలవబోతే మరో చిక్కు ఎదురైంది. మన కంటికి మూడక్షరాలైన ‘నల్గొండ’కు లెన్ అనే ఫంక్షన్ 7 అని జవాబిస్తుంది, ఎందుకంటే అది పొల్లును, ఒత్వాన్ని, సున్నాను కూడా విడివిడిగా లెక్కపెడుతుంది. అదే పేరు వెబ్ చిరునామాలో చేరితే, అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి, ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది కాబట్టి, మొత్తం 63 అక్షరాలకు సాగుతుంది. ఇంగ్లిషు ఉదాహరణలతో నేర్చుకున్నవారికి ఈ తంటా తెలియదు.

పైథాన్‌లో క్లాసులు, డెకరేటర్లు అనే పై పాఠాల జోలికి నేనింకా పోలేదు. లూపులు, ఫైళ్లు చదవడం, 404 (పేజీ లేదు) అని చూపించే లింకులను రిక్వెస్ట్స్ అనే లైబ్రరీతో పట్టుకోవడం వచ్చేసరికే, సాయంత్రం దాకా సాగే పని మధ్యాహ్న భోజనానికి ముందే ముగుస్తోంది.